స్కీబా ముట్టకూడని సూదులు

ఆ అర్జీ మీద నలభై ఒక్క సంతకాలున్నాయి. సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరు కూడా వలెంతి స్కీబాను "ఏం జరిగిందయ్యా?" అని అడగలేదు. అడగాలంటే ఆయనేమీ దూరాన లేడు, తలుపు అవతలే ఉన్నాడు. పరీక్ష అయిన మూడో రోజు మధ్యాహ్నం విద్యార్థులంతా లెక్చర్ హాల్లో చేరి అర్జీ రాసుకుంటుంటే, ఒంటిమీది రబ్బరు ఏప్రాను కూడా విప్పకుండా వచ్చాడు. చేతుల్లో తువ్వాలు కప్పిన గిన్నె ఒకటి ఉంది. తలుపు పక్కన కూర్చున్న గెరార్డ్ ప్లుతా లేచాడు. పంతొమ్మిదేళ్ళవాడు. అర్జీ రాస్తున్న చెయ్యి అతనిదే, మొదటి సంతకమూ అతనిదే.

"అటెండర్లకి ఇక్కడ పనిలేదు," అన్నాడు ప్లుతా.

"రెండు నిమిషాలు బాబూ. ఇది ఒక్కసారి చూస్తే మీకే..."

"నువ్వు చూపించింది చాల్లే," అని తలుపు మొహం మీదే మూశాడు. లోపలున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అది 1963 జనవరి. పోలండ్‌లో, నది ఒడ్డున, ఒకప్పుడు బీరు కాచిన ఎర్ర ఇటుకల కట్టడంలో నడుస్తున్న వైద్య కళాశాల. స్కీబా అక్కడ శరీర నిర్మాణ విభాగంలో అటెండరు. అటెండరంటే తుడిచి, కడిగి, తలుపులు తీసేవాడని కాగితం మీద ఉంటుంది. నిజానికి శవాలను కోసి, నరాలు, నాళాలు, కండరాలు విడివిడిగా కనిపించేలా నమూనాలు తయారుచేసి సీసాల్లో పెట్టేది ఆయనే. సీసా మీద చీటీలో మాత్రం డాక్టర్ల పేర్లుంటాయి.

ఆ కళాశాలలో పిల్లలకు అన్నిటికంటే హడలు సూదుల పరీక్ష. పొడుగాటి గదిలో ఇరవై బల్లలు, బల్లకొక నమూనా, నమూనాకొక గుండుసూది. సూదికి జెండాలాగా అంకె వేసిన చిన్న కాగితం. గంట కొడితే ఒక బల్ల దగ్గర నిలబడాలి, సూది దేంట్లో గుచ్చుకుని ఉందో దాని పేరు రాయాలి. అర నిమిషంలో మళ్ళీ గంట కొడతారు, పక్క బల్లకు జరగాలి. నోరెత్తకూడదు, ముట్టుకోకూడదు, వెనక్కి రాకూడదు. ఇరవైకి పద్నాలుగు వస్తే గట్టెక్కినట్టు.

ఆ ఏడు ఏడో బల్ల మీద గుండె పెట్టారు. స్కీబా నాలుగు నెలలు కూర్చుని చేసిన గుండె అది. కుడివైపు గదుల్లోకి, వాటి నాళాల్లోకి నీలిరంగు మైనం, ఎడమవైపు వాటిలోకి ఎర్రరంగు మైనం ఎక్కించాడు. సూది ఎర్రనాళంలో ఉంది. చదువుకున్న పిల్లలందరూ ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాళమని గుర్తుపట్టి "పుపుస సిర" అని రాశారు. తీరా జవాబుల కాగితంలో చూస్తే "పుపుస ధమని" అని ఉంది.

గొడవైంది. సూదులు గుచ్చి, జవాబుల కాగితం రాసిన కుర్ర డాక్టరు దోబియెస్వావ్ రిమ్షా తొణకలేదు. "నేను నీలం దాంట్లోనే గుచ్చాను, ధమనిలోనే," అన్నాడు. "రాత్రంతా ఎండిపోకుండా నమూనాల మీద తడిగుడ్డలు కప్పుతాం కదా. పొద్దున్న గుడ్డ తీస్తుంటే అటెండరు సూదిని లాగేసి ఉంటాడు. భయపడి, దొరికినచోట మళ్ళీ గుచ్చి ఉంటాడు." అప్పటికే సూదులన్నీ పీకేసి డబ్బాలో వేశారు. పీకడం స్కీబా పనే. విభాగానికి పెద్ద అయిన ముసలి ప్రొఫెసరు ఇద్దరి మొహాలూ చూశాడు. ఒకడు డాక్టరు, ఒకడు అటెండరు. ఇంక ఆలోచించడానికి ఏముంది?

ఏడో ప్రశ్న రద్దు చేశారు. ఇరవై కాస్తా పంతొమ్మిది అయింది. పాసుకు కావలసింది మాత్రం పద్నాలుగే అన్నారు, ఎందుకంటే నియమావళిలో పద్నాలుగు అని రాసి ఉంది, ఇన్నింటికి అని రాసి లేదు. ఈ తెలివిని ఏ గోడకేసి కొట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఏడోది పోగా ప్లుతాకు పదమూడు వచ్చాయి. అది అతని ఆఖరి అవకాశం.

విద్యార్థులు నియమావళిని ఏమీ అనలేకపోయారు. రిమ్షాను అనలేకపోయారు. దొరికినవాడు స్కీబా. "ఇటువంటి అజాగ్రత్త మనిషిని పరీక్ష సూదుల దరిదాపులకు రానివ్వరాదు" అని అర్జీ రాశారు. ప్రొఫెసరు దాన్ని వెంటనే ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఆయనకు అందులో పోయేదేమీ లేదు. స్కీబా సర్వీసు రిజిస్టరులో మెమో పడింది: పరీక్ష సూదిని నిర్లక్ష్యంగా కదిపినందుకు మందలించడమైనది, ఇకపై సూదులు ముట్టరాదు.

ప్లుతా ఒక ఏడాది చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు మోశాడు. అక్టోబరు వానలో, బురదలో, దుంపల బండి తోస్తూ ప్రతి అడుగుకీ స్కీబాను తిట్టుకున్నాడు. మరుసటేడు మళ్ళీ చేరి, పరీక్షలన్నీ రాసి డాక్టరయ్యాడు. మంచి ఆసుపత్రుల్లో ఉద్యోగాలు మేనమామలున్నవాళ్ళకు పోయాయి. ఇతనికి దక్కింది తను ఫెయిలైన ఆ విభాగంలోనే సహాయకుడి ఉద్యోగం. ముసలి ప్రొఫెసరు పోయాడు. ఆ కుర్చీలో ఇప్పుడు రిమ్షా కూర్చున్నాడు.

చేరిన మొదటి రోజే, కోత గదిలో నేల కడుగుతున్న స్కీబా తలెత్తి చూసి, "ఓహో, పదమూడుగారు దయచేశారే!" అన్నాడు.

ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. డాక్టరుగారూ అని పిలవాల్సిన చోట కూడా ఆయన ఆగి, మింగి, అప్పుడు పిలిచేవాడు. ఆ ఆగడంలోనే పదమూడు ఉండేది. ప్లుతాకు ఒళ్ళు మండేది. నా ఏడాది తినేసినవాడు నన్నే వెక్కిరిస్తున్నాడా అనుకునేవాడు.

స్కీబా సులువుగా కలిసే మనిషి కాదు. తండ్రి కబేళాలో నెత్తురు సాసేజీలు చేసేవాడు. పదేళ్ళు రాకముందే స్కీబాకు పంది గుండెను బొటనవేలితో తడిమి ఏ గది ఎక్కడుందో చెప్పడం వచ్చు. యుద్ధం అయ్యాక కళాశాల తెరిచినప్పుడు అక్కడ పుస్తకాలూ లేవు, నమూనాలూ లేవు, కిటికీలకు అద్దాలు కూడా లేవు. కబేళాలో కత్తి పట్టినవాడు కావాలన్నారు. వచ్చాడు. మొదటి ఏడాది ఏ నాళం ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్ళు లేక గుండెను కుళాయి కింద పెట్టి నీళ్ళు పోసి, ఎటునుంచి బయటికొస్తుందో చూసి నేర్చుకున్నాడు. పేర్లు ఆ తర్వాత నేర్చుకున్నాడు. అందుకే పేర్లు మాత్రమే తెలిసినవాళ్ళంటే ఆయనకు గిట్టదు. ఆ విభాగంలో అట్లాంటివాళ్ళకు కొదవేం లేదు.

మెమో పడ్డాక పదకొండేళ్ళు ప్రతి పరీక్షకూ ఆయనే నమూనాలు తెచ్చి బల్లల మీద సర్దేవాడు. తర్వాత రెండు చేతులూ ఏప్రాను జేబుల్లో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవాడు. సహాయక డాక్టర్లు సూదులు గుచ్చుతుంటే చూస్తూ ఉండేవాడు. నోటికి మాత్రం మెమో లేదు.

"డాక్టరుగారూ, అది కవాటం అనుకుంటున్నారేమో. గోడలోకి దిగింది."

"తెలుసు స్కీబాగారూ."

"తెలిస్తే మంచిదే. అటువైపు బయటికి కూడా వచ్చింది, అదీ తెలుసేమోనని."

డాక్టర్లు పళ్ళు నూరుకుంటూ సూది మార్చేవాళ్ళు. పెన్షన్ దగ్గరపడుతున్న కొద్దీ ఆయనకు ఒకటే పట్టుదల మొదలైంది. ఏటా కొత్త సంవత్సరం మొదటి వారంలో సిబ్బంది గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "నా రిజిస్టరులో ఆ మెమో ఉందా, పోయిందా?" అని అడిగేవాడు. "ఉంది స్కీబాగారూ, అవి ఎలకలు కూడా తినవు," అనేది గుమాస్తా. "అది ఉండగా నేను పోను," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అరవై అయిదేళ్ళు నిండాక పోక ఏంచేస్తాడు?

1974 వసంతంలో ఒక పొద్దున ప్లుతా వసారాలో నడుస్తుంటే కోత గదిలోంచి ఏడుపు వినిపించింది. లిద్కా అని మొదటేడు పిల్ల, ఆ వారం గుండె పాఠం మీద మూడోసారి చీవాట్లు తింది. పెట్టింది ప్లుతాయే. ఆ పిల్లకు రెండు వారాలు బొమ్మలేసి, బాణాలు గీసి చెప్పినా బుర్రకెక్కలేదు. లోపల రాతిబల్ల మీద స్కీబా పంది గుండె ఒకటి పెట్టుకుని, సేవింగ్స్ బ్యాంకు ప్రకటనలున్న పాత కాగితంలోంచి రొట్టె, పంది కొవ్వు తీసి తింటున్నాడు.

"ఏడుపు ఆపు తల్లీ. ఉప్పునీళ్ళు పడితే గుండె పాడవుతుంది. చెప్పు, ధమని అంటే?"

"శుద్ధమైన రక్తాన్ని... ఎర్రటి రక్తాన్ని తీసుకుపోయేది."

"ఎవడు చెప్పాడే నీకు?"

"పుస్తకంలో అలాగే ఉంది బాబాయిగారూ."

"పుస్తకాన్ని రాసినవాడి నెత్తిన కొట్టు. ఎర్రా నీలమూ దేవుడు వేసినవా? నేను వేశాను. బక్కెట్లో రంగు కలిపి నేను పోశాను. రంగు చూసి పేరు పెట్టకు. ఎటు పోతోందో చూసి పెట్టు. గుండెలోంచి బయటికి పోతే ధమని. గుండెలోకి వస్తే సిర. అంతే. ఇటురా, నువ్వే రక్తం."

"నేనా?"

"నువ్వే. ఒళ్ళంతా తిరిగి, ఉన్నదంతా పంచిపెట్టి, మసిబారి వచ్చావు. ఏ గుమ్మంలోంచి వస్తావు?"

ఆ పిల్ల వేలు పెట్టి చూపింది. పైనుంచి ఒక లావు గొట్టం, కింది నుంచి ఒకటి. స్కీబా చెంబుతో నీళ్ళు పోశాడు.

"ఇదీ కుడి పై గది. కర్ణిక అంటారు మీ డాక్టర్లు. ఇక్కడ కూర్చోడానికి లేదు, వెనకవాళ్ళు తోస్తున్నారు. కిందికి దిగు. తలుపుకి మూడు రెక్కలు, వాటికి తాళ్ళు. తాళ్ళెందుకు?"

"తలుపు... వెనక్కి తిరగబడకుండా?"

"చూశావా, బుర్ర ఉంది! కింది గది, జఠరిక. ఇప్పుడు అది పిడికిలి బిగించింది." తన పెద్ద చేతిలో గుండెను నొక్కాడు. పై తలుపు మూసుకుని, నీళ్ళు ముందువైపు గొట్టంలోంచి చిమ్మి ఆయన రొట్టె మీద పడ్డాయి. పట్టించుకోలేదు. "బయటికొచ్చావు. ఎక్కడికి?"

"ఊపిరితిత్తులకి."

"బయటికి పోయింది కాబట్టి?"

"ధమని. కానీ... లోపల మసిబారిన రక్తమే కదా. నీలం!" ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"నీలం ధమని. ఇంక ఊపిరితిత్తుల్లో గాలి పోసుకుని, తలంటుకుని, ఎర్రచీర కట్టుకుని తిరిగొచ్చావు. నాలుగు గొట్టాల్లోంచి. ఎడమ పై గదిలోకి. లోపలికి వచ్చావు కాబట్టి?"

"సిర. ఎర్ర సిర."

"అదీ! అక్కణ్ణుంచి రెండు రెక్కల తలుపు దాటి ఎడమ కింది గదిలో పడతావు. ఈ గోడ చూడు, నా బొటనవేలంత మందం. కుడివైపుది పలచన. ఎందుకు? కుడివైపు వాడు పక్కింటిదాకా తోస్తే చాలు. వీడు కాలి బొటనవేలిదాకా తొయ్యాలి. ఇటు చూడు, ఈ మధ్య గోడకి తలుపుందా?"

"లేదు."

"లేదు కాబట్టి కుడిలోంచి ఎడమకి అడ్డదారి లేదు. ఊపిరితిత్తులు చుట్టి రావలసిందే. పెద్ద పెద్దవాళ్ళు వెయ్యేళ్ళు అక్కడ చిల్లులున్నాయని రాశారట. నీళ్ళు పోసి చూస్తే ఏం పోయింది వాళ్ళకి?" అని పెద్ద ధమనిలోకి పైనుంచి చెంబెడు నీళ్ళు పోసి నిలబెట్టాడు. మూడు చిన్న జేబుల్లాంటి తలుపులు ఉబ్బి మూసుకున్నాయి. ఒక్క చుక్క కిందికి దిగలేదు. "పోయినవాణ్ణి వెనక్కి రానివ్వదు. మన ట్రాము కండక్టరు కంటే నయం."

లిద్కా నవ్వేసింది. గుమ్మంలో నిలబడ్డ ప్లుతాకు చిర్రెత్తుకొచ్చింది. రెండు వారాలు తను చెప్పలేనిది ఈయన రొట్టె తింటూ చెప్పాడు. పైగా ఎర్రనాళం చూసి ధమని అనుకోకూడదని ఇంత గట్టిగా తెలిసిన మనిషి, ఆ రోజు సూదిని తెచ్చి ఎర్రదాంట్లో ఎందుకు గుచ్చాడు? దాచాలనుకుంటే పక్కనే నీలం ఉందిగా.

ఆ ప్రశ్న ముల్లులా దిగింది. తీసేద్దామంటే రాదు.

మే నెలలో రిమ్షా నమూనాలన్నిటికీ జాబితా రాయమన్నాడు. స్కీబా వెళ్ళిపోయేలోగా ఏది ఎక్కడుందో తెలియాలి కదా అని. ప్లుతా నిచ్చెన వేసుకుని అటకలు ఎక్కాడు. సీసాలన్నిటిలో ఫార్మలిన్ పచ్చబడి, అడుగున మడ్డి కట్టి ఉంది. పైవరసలో గోడవైపు దాచినట్టున్న ఒక్క సీసాలో మాత్రం నీళ్ళు నిన్న పోసినంత తేటగా ఉన్నాయి. పదిహేడో నంబరు. మూత మీద స్కీబా వంకర రాతలో చీటీ: దీనికి సూది గుచ్చవద్దు.

ప్లుతా దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి, తొడుగులు వేసుకుని, గుండెను బయటికి తీశాడు. ఎర్రమైనం, నీలిమైనం. ఏడో బల్ల మీది గుండె. ఏటా వాడే నమూనాలు సూదులు పడి పడి జల్లెడలైపోతాయి. దీన్ని ఆ ఒక్క పరీక్ష తర్వాత ఎవరూ వాడలేదు. మైనం మీద పడ్డ గాటు పూడదు. ఎడమ పై సిరలో, ఎర్రమైనంలో, సూది పోటు ఒకటి ఉంది. భూతద్దం తెచ్చి నీలి ధమనిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తిప్పి చూశాడు. తుడిచి చూశాడు. నున్నగా ఉంది.

సూదిని ఎవరైనా ధమనిలోంచి తీసి సిరలో గుచ్చి ఉంటే రెండు పోట్లుండాలి. ఉన్నది ఒక్కటే.

కదిపినవాడు లేడు. మొదటి నుంచీ సిరలోనే గుచ్చారు. ఆ పరీక్ష నెలంతా రిమ్షా చేతులూ కాళ్ళూ కోసి నమూనాలు చేశాడు. చేతుల్లో, కాళ్ళలో ఎర్రదెప్పుడూ ధమనే. ఆ అలవాటులో ఇక్కడా ఎర్రదాంట్లో గుచ్చి, చెయ్యి దానంతట అదే ధమని అని రాసేసింది. పదకొండేళ్ళ కిందట తువ్వాలు కింద ఆ గిన్నెలో ఏముందో ప్లుతాకు అప్పుడు అర్థమైంది. ఈ గుండే.

స్కీబా పెరట్లో బక్కెట్లు కడుగుతున్నాడు.

"పదిహేడో నంబరు చూశాను," అన్నాడు ప్లుతా.

"ఊఁ."

"ఒక్కటే పోటు ఉంది."

"ఏటా నీళ్ళు మారుస్తున్నాను. నాకు కళ్ళు లేవనుకున్నారా?"

"మరి చెప్పరేం? ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చుంటారా ఎవరైనా?"

స్కీబా బక్కెట్టు ఠపీమని కింద పెట్టాడు. "నోరు మూసుకున్నానా? ప్రొఫెసరుకి చెప్పాను. 'స్కీబా, నువ్వు డాక్టర్ని అబద్ధాలకోరంటావా?' అన్నాడు. రిమ్షాకి చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకోలేదన్నాడు. అప్పటికి ఆయనకి కళ్ళద్దాలే లేవు! యూనియన్ వాళ్ళకి చెప్పాను, శరీరశాస్త్రం మా పరిధిలో లేదన్నారు. ఇంక మిగిలింది మీ నలభై ఒక్కమందీ. గిన్నె పట్టుకుని గుమ్మందాకా వచ్చాను. తలుపేసింది ఎవరు డాక్టరుగారూ? నాకు జ్ఞాపకశక్తి తగ్గిపోతోంది, మీరు చెప్పండి."

ప్లుతా వంగి ఇంకో బక్కెట్టు అందుకోబోయాడు. స్కీబా దాన్ని తనవైపు లాక్కున్నాడు.

"సర్లెండి, మీరు కుర్రాళ్ళు, ఏడాది పోయిందన్న మంట. నా మీద నాకే చిరాకు. పరీక్ష ముందురోజు సాయంత్రం సూది ఎర్రదాంట్లో చూశాను. జవాబుల కాగితం నాకు చూపించరు కాబట్టి, సిర అనే రాసుకుని ఉంటారు అనుకుని గుడ్డ కప్పేశాను. అడిగి ఉంటే పోయేది. అడగలేదు."

"నేను రిమ్షాతో మాట్లాడతాను."

"మాట్లాడండి. పెన్షన్‌కి ఇంకా నలభై రోజులున్నాయి. ఆ మెమోలో నేను సూది కదిపానని ఉంది. కదపలేదని ఉండాలి. నాకు కావాల్సింది అంతే."

ప్లుతా మూడు వారాలు తటపటాయించాడు. శరదృతువులో అతని పదోన్నతి రిమ్షా సంతకం మీద ఉంది. రోజూ పొద్దున వెళ్దామనుకోవడం, రిమ్షా మంచి మూడ్‌లో లేడని ఆగిపోవడం. మంచి మూడ్‌లో ఉన్నరోజు, ఎందుకు చెడగొట్టడం అని ఆగిపోవడం. తనమీద తనకే రోత పుట్టి, జూన్ మధ్యలో సీసా చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

రిమ్షా సీసాను చూశాడు. దగ్గరికి తీసుకోలేదు. గ్లాసులో టీ కలుపుతూ కూర్చున్నాడు.

"గెరార్డ్, ఇది ఎప్పటి మాట?"

"పదకొండేళ్ళు సార్. నా ఏడాది కూడా అందులోనే పోయింది."

"నీకు ఏడాది పోయినా డాక్టరువయ్యావు. మంచి డాక్టరువి." ఇంకా కలుపుతూనే ఉన్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. "అలా జరిగి ఉండొచ్చు. లేకపోనూవచ్చు. ఆ నెల ఎన్ని చేతులు కోశానో, ఎన్ని కాళ్ళు కోశానో! ఎవరికి గుర్తుంటుంది?"

"గుండెకి గుర్తుంది సార్. పోటు కనబడుతోంది."

"పెద్దమాటలు వద్దులే. ఇప్పుడు తవ్వితే ఏమొస్తుంది? ప్రొఫెసరు పోయాడు. ఆయన్ని సమాధిలోంచి లేపి తప్పు చేశావందామా? ఆ ముసలాయనకి ఏం కావాలి, మెమో పోవాలి. పోగొడతాను. నీకేం కావాలో నాకు తెలుసు. అందరికీ మంచి జరిగే కాగితం ఒకటి రాయిస్తాను. సీసా మళ్ళీ అటక మీద పెట్టెయ్."

ప్లుతా బయటికి వచ్చేటప్పుడు, సిగ్గుపడాల్సింది పోయి, తేలికపడ్డాడు. సీసా అటక మీద పెట్టేశాడు.

కాగితం రావడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా ఇరవయ్యో తేదీన ఆ ఏటి ఆఖరి సూదుల పరీక్ష జరిగింది. స్కీబా మామూలుగానే చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మామూలుగానే, "అది గోడలోకి దిగింది" అన్నాడు. కాగితం ఇరవయ్యేడున వచ్చింది. "సుదీర్ఘమైన, అంకితభావంతో కూడిన సేవను దృష్టిలో పెట్టుకుని 1963 నాటి పొరపాటును ఉదారంగా క్షమించి, మెమోను రద్దు చేయడమైనది. ఇకపై సూదులు ముట్టవచ్చును." ముట్టడానికి సూదులెక్కడ? పరీక్షలు అయిపోయాయి, ఉద్యోగం ఇంకో మూడు రోజుల్లో అయిపోతోంది. ఆ పని అంత సరిగ్గా చెడగొట్టడానికి ఎంత మంది ఎంత శ్రమపడ్డారో అనిపిస్తుంది.

ముప్పయ్యో తేదీన వీడ్కోలు పెట్టారు. కేకు, పూలగుత్తి, గోడ గడియారం, రిమ్షా ఉపన్యాసం, అన్నీ ఉన్నాయి. స్కీబా లేడు. పొద్దున్నే కత్తులన్నీ నూరి, వరసగా గుడ్డ మీద పెట్టి, వెళ్ళిపోయాడట. గడియారం, కాగితం ఎవరో ఒకరు ఇచ్చిరావాలన్నారు. అందరూ ప్లుతా వైపు చూశారు.

జులైలో ఒక ఆదివారం ట్రాము ఎక్కి, ఊరి చివర రైలుకట్ట పక్కనున్న చిన్నచిన్న తోటల దగ్గర దిగాడు. చంకలో గడియారం. కళాశాల నుంచి ఇక్కడిదాకా మోసుకొస్తుంటే అది రెండుసార్లు గంట కొట్టి జనం చేత నవ్వించింది. స్కీబా తన అరసెంటు తోటలో, రేకుల గుడిసె ముందు బల్లేసుకుని దోసకాయలు ఊరవేస్తున్నాడు. పక్కన వెల్లుల్లి, సోయికూర, ఉప్పునీళ్ళ కుండ ఉన్నాయి. వరసగా గాజుసీసాలు. ఒక్కొక్క కాయనీ ఎత్తి, తిప్పి, సందు లేకుండా సీసాలో దూరుస్తున్నాడు.

వాళ్ళిద్దరూ కలుసుకున్నది అదే ఆఖరు. ఆ తర్వాత ప్లుతా రిమ్షా గదికి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి, "ఒకసారి ఇచ్చిన కాగితాన్ని మార్చడం కుదరదు" అని విన్నాడు. రెండోసారి, "గెరార్డ్, నువ్వు నాకు ఇబ్బంది తెస్తున్నావు" అని విన్నాడు. మూడోసారి వెళ్ళలేదు. నవంబరులో పదోన్నతి వచ్చింది. రెండేళ్ళకు స్కీబా పోయాడని తెలిసింది, అప్పటికి మట్టి కూడా అయిపోయింది. తన చేత్తో తనే ఒక కాగితం రాసి రిజిస్టరులో పెట్టి ఉండొచ్చు కదా అని ప్లుతాకు చాలాసార్లు అనిపించింది. అర్జీ రాసినప్పుడు ఆ చేతికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు.

కానీ ఆ ఆదివారం అతనికి అవేమీ తెలియవు. శుభవార్త తెచ్చానన్న ధీమాతో గేటు తీసుకుని వచ్చాడు.

"మెమో పోయింది స్కీబాగారూ," అన్నాడు.

స్కీబా చేతులు ఏప్రానుకు తుడుచుకుని, చెవికి దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం చదివాడు. పెదవులు కదిపి ఒక్కో మాటా చదివాడు. ఉదారంగా అన్నచోట ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు.

"క్షమించారట," అన్నాడు.

"మాటలు అలాగే రాస్తారండీ. అసలు సంగతి మెమో పోవడం కదా. మీరు అడిగింది అదే."

"నేనడిగింది అదా?"

"ఇంతకంటే ఏం చెయ్యమంటారు? ఇదే రావడానికి ప్రాణం పోయింది."

స్కీబా కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచాడు. తడి వేళ్ళ మరకలు పడ్డాయి. దాన్ని గడియారం మీద పెట్టి, రెంటినీ కలిపి ప్లుతా చేతుల్లో పెట్టాడు.

"క్షమించడానికి నేనేం చేశానయ్యా?" అన్నాడు. "దొంగతనం చేయనివాణ్ణి పట్టుకుని, పోనీలే దొంగా, వదిలేశాం పో అంటే, వాడు దండం పెట్టాలా? ఆ ఉదారం కొట్టేయమను. నా సేవా గీవా కూడా కొట్టేయమను. నా పేరు అసలు లేకపోయినా పర్లేదు. సూది సిరలో ఉంది, గుచ్చినవాళ్ళే సిరలో గుచ్చారు, ఎవరూ కదపలేదు. ఈ ఒక్క ముక్క రాయించు. లిద్కా లాంటి పిల్ల రేపు ఆ రిజిస్టరు తిరగేసినా, ఆ ఎర్రది సిరేనని నేర్చుకోవాలి. ఆ ముక్క రాసిన కాగితం చేతిలో ఉన్నరోజు ఎప్పుడొచ్చినా సరే, అన్నం వేళైనా సరే, రండి, దోసకాయలు పెడతాను. అది లేకుండా మాత్రం ఇంకోసారి నా గేటు తీయకండి డాక్టరుగారూ. వెళ్ళేటప్పుడు వేసి వెళ్ళండి, పక్కింటి కోళ్ళు వస్తాయి."